తెర మీద సున్నా

ఒక రేడియో ట్యాగులో నంబరు రాయడానికి ఎంతసేపు పడుతుందని ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. రీడరు ముందు ట్యాగు పెట్టి కమాండు పంపితే కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ నంబరు మనం అనుకున్న ట్యాగులోనే పడిందా, పక్కదాంట్లో పడిందా అని చూసుకోవడానికే అసలు సమయం పడుతుంది. ఆ చూసుకునే పనికి టైము లేదని ఎవరైనా మీతో అంటే, బహ్రెయిన్‌లోని హిద్‌లో నాకు ఎదురైన ఒక మధ్యాహ్నం సంగతి వాళ్లకు చెప్పండి. నేను రిటైరై కాకినాడ వచ్చేశాను. అయినా ఎక్కడైనా ఇనుప మూత పడిన చప్పుడు వింటే ఇప్పటికీ చేస్తున్న పని ఆపి అటు చూస్తాను.

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన కంపెనీ చిన్నది. తుబ్లీలో కార్ల మెకానిక్ షెడ్ల వరసలో, మేడ మీద రెండు గదులు. కింద రోజంతా సుత్తి దెబ్బలు, పైన మేము. గోడౌన్ల గేట్లకు, ఆఫీసుల్లో హాజరు యంత్రాలకు, లాండ్రీలకు రేడియో ట్యాగులు అమర్చేవాళ్లం. హోటళ్ల దుప్పట్ల అంచుల్లో కుట్టే ట్యాగులకు కూడా మా దగ్గరే నంబర్లు రాసేవాళ్లం. నంబరు తప్పితే ఒక హోటలు దుప్పటి ఇంకో హోటలుకు పోతుంది. ఎవరో ఫోన్ చేసి అరుస్తారు. అంతకు మించి నష్టం లేని పని. చాలా ఏళ్లు అదే చేశాను కాబట్టి నాకు నిద్రకు లోటుండేది కాదు.

తర్వాత మాకు హిద్ వైపు ఓడల మరమ్మతు యార్డులో పని దొరికింది.

ఓడ అడుగు భాగాన బ్యాలాస్ట్ ట్యాంకులని ఉంటాయి. ఓడ ఒరిగిపోకుండా నీళ్లు నింపే ఇనుప గదులు అవి. మరమ్మతుకు వచ్చినప్పుడు ఆ నీళ్లు తోడేసి, లోపల తుప్పు గీకి, రంగు వేస్తారు. లోపలికి వెళ్లడానికి డెక్ మీద ఒక మనిషి పట్టేంత కంత ఒక్కటే ఉంటుంది. నిచ్చెన దిగాక ఒక గది వెనక ఇంకో గది, మధ్యలో ఇనుప గోడలు, ఆ గోడలకు మనిషి పాకి దూరేంత రంధ్రాలు. చివరి గదిలో ఉన్నవాడికి పైన ఏం జరుగుతోందో తెలియదు. గాలి కూడా పైనుంచి గొట్టం వేసి పంపాల్సిందే.

ఆ కంత దగ్గర ఒక కాపలా మనిషిని కూర్చోబెడతారు. లోపల ఎవరున్నారో, ఎవరు బయటికొచ్చారో చూడటమే అతని డ్యూటీ. మా ఓడ మీద ఆ డ్యూటీ చేసేది నిజామాబాద్ వైపు మనిషి. వయసులో నాకంటే కొంచెం పెద్ద. ఎన్నేళ్లు బహ్రెయిన్‌లో ఉన్నా దుబాయి వచ్చాననేవాడు తప్ప బహ్రెయిన్ అనేవాడు కాదు. అంతకుముందు అతని పక్కన మేకులు కొట్టిన చెక్క బోర్డు ఉండేది. ట్యాంకులోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ల దానికి తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి.

"కండ్లు మూస్తే బిళ్లలే కనవడ్తయి సారు" అన్నాడు నాతో మొదటి రోజు. "అన్నం తినేటప్పుడు గూడ ఒక కన్ను బోర్డు మీదనే."

ఆ బోర్డు బదులు మేము ఒక తెర పెట్టాం. ప్రతి కూలీ హెల్మెట్టు లోపల ఒక ట్యాగు, కంతకు పైనొకటి కిందొకటి యాంటెన్నా. హెల్మెట్టు పై యాంటెన్నా దాటి కిందికి పోతే మనిషి లోపలికి వెళ్లినట్టు, కింది నుంచి పైకి వస్తే బయటికొచ్చినట్టు. లోపల ఎంతమంది ఉన్నారో తెర మీద పెద్ద పచ్చ అంకె కనిపిస్తుంది. యార్డువాళ్లు కొన్నాళ్లు బోర్డూ తెరా రెండూ నడిపించి చూశారు. ఒక్కసారి కూడా తేడా రాలేదు. బోర్డు తీసేశారు. ఆ రోజు అందరికంటే సంతోషించింది ఆ కాపలా మనిషే. "ఇగ నా పానం నిమ్మళమైంది సారు" అని తన ఫ్లాస్కులోంచి నాకు చాయ్ పోసి ఇచ్చాడు.

పని బాగుందని యార్డువాళ్లు మిగతా కూలీల హెల్మెట్లకు కూడా ట్యాగులు పెట్టమన్నారు. అన్నీ ఒకేసారి కావాలన్నారు. మా మేనేజరు సరేనన్నాడు. ఆయన దేనికీ కాదనడు, అదే ఆయన గొప్ప, అదే మా ప్రాణసంకటం.

ఇక్కడ ట్యాగు గురించి కొంచెం చెప్పాలి. ప్రతి ట్యాగులో రెండు నంబర్లుంటాయి. ఒకటి ఫ్యాక్టరీలో పుట్టుకతో వచ్చేది, దాన్ని ఎవరూ మార్చలేరు. రెండోది మనం రాసేది. రీడరు ముందుగా చుట్టూ ఎవరెవరున్నారని పిలుస్తుంది, దగ్గర్లో ఉన్న ట్యాగులన్నీ పలుకుతాయి. అప్పుడు సెలెక్ట్ అనే కమాండు పంపాలి. ఫలానా ఫ్యాక్టరీ నంబరున్న ట్యాగు ఒక్కటే వినాలి, మిగతావి ఊరుకోవాలి అని దాని అర్థం. ఆ తర్వాతే రాయమనే కమాండు. రాశాక అదే ట్యాగును మళ్లీ చదివించి సరిచూసుకోవాలి. సెలెక్ట్ పంపకుండా రాయమంటే, ముందు ఏది పలికితే దాంట్లో రాసేస్తుంది రీడరు. అది మన చేతిలో ఉన్నదా, బల్ల మీద పక్కనున్నదా అన్నది దానికి అనవసరం.

ఆ హెల్మెట్లకు నంబర్లు రాసింది మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. భీమిలి దగ్గర ఊరు. భర్త రిఫాలో ఒక కోల్డ్ స్టోరులో పని చేసేవాడు. పనిలో నాకంటే చురుకు, మాటలో నాకంటే నెమ్మది. ఆ వారమంతా నేను యార్డులో ఇంకో గేటు అమర్చే పనిలో ఉన్నాను. హెల్మెట్లు వ్యానులో వచ్చాయి, కూలీలకు పంచేశారు. అన్నిటికీ రీడరు మీద పచ్చ లైటు వెలుగుతోందని అందరూ తృప్తిపడ్డారు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ ట్యాంకులో ముందే వేసిన రంగు ఆరి, మిగిలిన చిల్లర గీకుడు పని కూడా అయిపోయింది. సాయంత్రంలోగా నీళ్లు నింపి ఎక్కడైనా కారుతోందేమో చూడాలి, అది తేలితే ఓడ డాక్ వదులుతుంది. ఆలస్యమైతే వెనకాల ఇంకో ఓడ కాచుకుని ఉంది. డెక్ మీద సూపర్‌వైజరు, లాహోర్ మనిషి, పొద్దుటి నుంచీ కూర్చోలేదు.

నేను డాక్ పక్కన రేకుల నీడలోకి వెళ్లాను. ట్యాంకులోంచి వచ్చిన కూలీలు కొందరు బెంచీ మీద హెల్మెట్లు పెట్టి చాయ్ తాగుతున్నారు. నా చేతిలో చిన్న రీడరు ఉంది. ఛార్జింగు ఉందో లేదో చూద్దామని ఊరికే ఒక హెల్మెట్టు వైపు తిప్పి నొక్కాను. హెల్మెట్టు మీద అంటించిన కాగితంలో ముప్పై ఏడు. రీడరు మీద ముప్పై ఎనిమిది.

పక్క హెల్మెట్టు పలికిందేమో అనుకుని దాన్ని చేతిలోకి తీసుకుని దూరంగా వెళ్లి మళ్లీ నొక్కాను. ముప్పై ఎనిమిదే.

అది ఎవరిదని అడిగితే ఒక నేపాలీ కుర్రాడు చెయ్యెత్తాడు. ముప్పై ఎనిమిదో నంబరు మనిషి ఎక్కడని అడిగాను. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు.

ఒకే నంబరు ఇద్దరి దగ్గర ఉంటే, మా తెరకు వాళ్లిద్దరూ ఒక్క మనిషే. ఇద్దరు దిగితే ఒకరే దిగారంటుంది. అందులో ఒకరు పైకొస్తే ఇద్దరూ వచ్చేసినట్టే లెక్క. రెండోవాడు లోపలుంటే అతను ఉన్నాడని చెప్పేది ఇంకేమీ లేదు. బోర్డు తీసేశారు కదా.

ఓడ మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. పైకి వెళ్లేసరికి గాలి గొట్టం బయటికి లాగేసి చుట్టపెడుతున్నారు. ఇనుప మూతను ఇద్దరు పట్టుకుని కంత మీదికి జరుపుతున్నారు.

"ఆపండి" అన్నాను హిందీలో. మూత సగం కంత మీద పడి ఆగింది.

కాపలా మనిషి కుర్చీలోంచి లేచాడు. "ఏమైంది సారు?"

"లోపల ఎవరూ లేరా అన్నా?"

"లేరు. సున్నా ఉన్నది గద."

"తెర సంగతి కాదు. ముప్పై ఎనిమిదో నంబరు మనిషి వచ్చాడా? నువ్వు చూశావా?"

అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అందరు వచ్చిండ్రనే అనుకున్న. గుంపుగ వచ్చిండ్రు. సున్నా అయింది. మళ్ల నన్నడుగుతరేంది సారు, తెర మీరే పెడితిరి?"

సూపర్‌వైజరు వచ్చాడు. సంగతి విని వాకీటాకీలో నాలుగు చోట్లకు మాట్లాడాడు. ఈలోగా ఒకతను కంత దగ్గర వంగి లోపలికి టార్చి వేసి కేకేశాడు. పక్క డెక్ మీద ఇసుకతో తుప్పు కొట్టే యంత్రం హోరు. తన కేక తనకే వినిపించి ఉండదు. నేను కూడా వంగాను. రంగు వాసన, చీకటి. అంతే.

వాకీటాకీలో జవాబు వచ్చింది. ముప్పై ఎనిమిదో నంబరు మనిషి వేలు తెగి యార్డు డిస్పెన్సరీలో కట్టు కట్టించుకుంటున్నాడు. హెల్మెట్టు ఒళ్లోనే ఉంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను. సూపర్‌వైజరు నా భుజం మీద చెయ్యి వేసి, "భాయ్ సాబ్, నీ మనిషి దొరికాడు. ఖలాస్? ఇక నా పని చేసుకోనిస్తావా?" అన్నాడు.

నేను తలూపాను. మూత పూర్తిగా కంత మీదికి జరిగింది. ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు వచ్చింది. బోల్టులు బిగించడం మొదలుపెట్టారు.

మెట్లు దిగాను. గండం గడిచిందని అనుకోవాలి. కానీ ఒక హెల్మెట్టులో తప్పు పడితే, ఆ ఒక్కదానిలోనే పడిందని ఎవరు చెప్పారు? డెక్ మీదికి ఫోన్లు తేనివ్వరు. కింద లాకర్లోంచి నా ఫోన్ తీసి తుబ్లీకి చేశాను. భీమిలి అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, హెల్మెట్ల ట్యాగులు ఎలా రాశావో ఒకసారి చెప్పు. సెలెక్ట్ పంపావా?"

"లేదండీ. ఒక్కో ట్యాగు ఫ్యాక్టరీ నంబరు చదివి, సెలెక్ట్ చేసి, రాసి, మళ్లీ చదివితే రెండు రోజులు పడుతుందన్నానండీ. మేనేజర్ గారు ఇవాళే వ్యాను పంపాలన్నారు. బల్ల మీద ఒక్కోటీ పెట్టి రాసేయమన్నారు. హెల్మెట్లన్నీ పక్కనే పేర్చి ఉన్నాయి. నాకు అనుమానంగానే ఉందండీ."

"ఎర్ర లైటు వెలిగిందా ఎప్పుడైనా? రాయలేదని?"

"వెలిగిందండీ. వెలిగినప్పుడల్లా మళ్లీ నొక్కాను."

"ఎన్నిసార్లు వెలిగి ఉంటుంది?"

"లెక్కపెట్టలేదు సార్. చాలాసార్లు." వెంటనే ఆమే అడిగింది. "ఏవైంది సార్? ఎవరికైనా ఏవైనా అయ్యిందా?"

ఎర్ర లైటు వెలిగిన ప్రతిసారీ ఏం జరిగిందో నాకు అర్థమైంది. మొదటిసారి పంపిన నంబరు పక్కన పేర్చిన హెల్మెట్లలో దేనిలోనో పడింది, దూరంగా ఉన్న దాని జవాబు రీడరుకు అందక ఎర్ర లైటు వెలిగింది. రెండోసారి పంపింది అసలు దాంట్లో పడింది. ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలిగితే అన్ని జంటలు ఉండొచ్చు.

"ఇంకా తెలీదమ్మా. ఫోన్ దగ్గరే ఉండు" అన్నాను.

మళ్లీ డెక్ మీదికి వెళ్లి సూపర్‌వైజరును బతిమాలడం దండగ. ఒకసారి అతని పని ఆపి నవ్వులపాలయ్యాను. రెండోసారి నా మాట వినడు. డాక్ చివర ఒక కంటైనరులో యార్డు సేఫ్టీ ఆఫీసరు కూర్చుంటాడు. ముహర్రక్‌లో పుట్టి పెరిగిన బహ్రెయినీ, గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్లాను. వెళుతూనే ఆలోచిస్తున్నాను. ఈయనకు నేను చెప్పబోయేది ఏమిటి? మా కంపెనీ అమ్మిన తెర అబద్ధం చెబుతోందని. అది చెప్పాక యార్డులో మాకు పని ఉండదు. మా మేనేజరు నన్ను ఉండనివ్వడు. వీసా కంపెనీది. వీసా ఇప్పించే ఇంకో కఫీల్ దొరికే వయసు కాదు నాది.

లోపలికి వెళ్లి చెప్పేశాను. ఊపిరి అందక మధ్యలో ఆగి ఆగి చెప్పాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ట్యాంకులో మనిషి ఉన్నాడా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తెలియదు సార్."

"నీకు తెలియదా?"

"నాకు తెలియదు. తెరకూ తెలియదు. కాపలా మనిషి తెరను చూసి చెప్పాడు. ఎవరూ లేరని కళ్లతో చూసినవాడు ఎవడూ లేడు."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. ఎవరూ లేకపోతే ఏమవుతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఓడ ఆగుతుంది, ఎందుకు ఆపావని పైవాళ్లు అడుగుతారు, ఒక ట్యాగుల మెకానిక్ చెప్పాడని ఆయన జవాబివ్వాలి. వాకీటాకీ తీసి, అరబ్బీలో రెండు మాటలు, హిందీలో రెండు మాటలు చెప్పాడు. నీళ్లు ఆపమని, మూత తీయమని, రెస్క్యూ వాళ్లను పంపమని. తర్వాత హెల్మెట్టు పెట్టుకుంటూ నాతో, "యల్లా, నువ్వూ రా" అన్నాడు.

మేము వెళ్లేసరికి నీటి గొట్టం ట్యాంకు పైపుకి తగిలించి ఉంది. వాల్వు చక్రం మీద ఒకడు చేతులు వేసి నిలబడి ఉన్నాడు, ఆగమన్నందుకు విసుగ్గా. సూపర్‌వైజరు నన్ను చూసి గడియారం చూసుకున్నాడు. ఆఫీసరు పక్క డెక్ మీద యంత్రాన్ని ఆపించాడు. అంతసేపూ చెవుల్లో ఉన్న హోరు పోయేసరికి డెక్ అంతా వింతగా అనిపించింది. బోల్టులు ఒక్కొక్కటే విప్పుతున్నారు. ఒకటి పట్టేసింది. దానికి నూనె వేసి మళ్లీ తిప్పారు.

అది కదులుతుండగా చప్పుడు వినిపించింది. మొదట రెంచి చప్పుడే అనుకున్నాను. ఆఫీసరు చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు. రెంచి ఆగింది. చప్పుడు ఆగలేదు. ఎక్కడో చాలా కింద నుంచి, ఇనుము మీద ఇనుము. కాసేపు కొట్టి ఆగి, మళ్లీ కొడుతున్నారు.

కాపలా మనిషి అక్కడే డెక్ మీద కూలబడ్డాడు.

మూత తీసి, గాలి గొట్టం మళ్లీ వేసి, గాలి పరీక్షించే మీటరు దించి చూసి, అప్పుడు గాని మనుషుల్ని దించలేదు. అది పద్ధతి. పద్ధతి లేకపోతే ఒకరి కోసం వెళ్లి ఇద్దరు పోతారని నాకు తెలుసు. తెలిసినా ఆ మీటరు వైపు చూస్తూ నిలబడటం కంటే కష్టమైన పని నా ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. చప్పుడు మధ్యలో ఒకసారి ఆగిపోయింది. చాలాసేపు రాలేదు. కాపలా మనిషి మోకాళ్ల మీద తల పెట్టుకుని, "నేను సూస్కోలే సారు. సున్నా ఉంది గద అనుకున్న" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. నేను పక్కన కూర్చుని అతని భుజం పట్టుకున్నాను. ఆ సున్నా మేము పెట్టిందే కదా.

రెస్క్యూ వాళ్లు చివరి గదిలో అతన్ని కనుక్కున్నారు. జగిత్యాల వైపు మనిషి. తుప్పు గీకే పనిలో కొత్తగా చేరాడు. పనయ్యాక మిగతావాళ్లు పైకి వెళుతుంటే తన సంచీ తీసుకురావడానికి వెనక్కి వెళ్లాడట. నేల మీద పేరుకున్న తుప్పు పొడిలో కాలు జారి, గోడ రంధ్రంలో చీలమండ ఇరుక్కుని విరిగింది. పడటంలో తల లైటు పగిలిపోయింది. ఆ చీకట్లో తన గీకుడు రేకుతో గోడను కొడుతూనే ఉన్నాడు. ఇది ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది కాక ఇంకో జంట. అదే సమయంలో అతని నంబరున్న ఇంకో హెల్మెట్టు పైకొచ్చి, చాయ్ తాగడానికి వెళ్లిపోయింది.

స్ట్రెచరుకు కట్టి కంతలోంచి నిలువునా పైకి లాగారు. మొహమంతా ఎర్రటి తుప్పు దుమ్ము, అందులో చెమట చారలు. వెలుతురుకు కళ్లు తెరవలేకపోయాడు. కాపలా మనిషి అతని మొహం మీదికి వంగి, "నేను తమ్మీ, నేను" అన్నాడు. ఎందుకన్నాడో, అతనికి వినిపించిందో లేదో. జగిత్యాల మనిషి నీళ్లడిగాడు. రెండు గుక్కలు తాగి, ఎవరితోనని కాకుండా అన్నాడు.

"మూత సగం మూసి మల్ల ఆపిండ్రు. రంద్రాలకెల్లి ఎలుగు జరంత వడ్డది. నా సప్పుడు ఇన్నరనుకున్న. మల్ల మొత్తం మూసిండ్రు. అప్పుడు భయమైంది."

సూపర్‌వైజరు మొహం తిప్పుకుని ఓడ అంచు దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి స్ట్రెచరు ఒక మూల పట్టుకుని అంబులెన్సు దాకా మోశాడు.

మర్నాడు విచారణ జరిగింది. దానికి ముందు మా మేనేజరు నన్నూ ఆ అమ్మాయినీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ట్యాగులు ఫ్యాక్టరీ నుంచే పాడై వచ్చాయని చెబుదామన్నాడు. ఎవరి ఉద్యోగమూ పోదు, ట్యాగులమ్మినవాడు ఏ దేశంలోనో ఉన్నాడు. ఆయన చెబుతున్నంతసేపూ ఆమె కిందికి చూస్తూ కూర్చుంది. నాకు ఆమె భయం తెలుస్తోంది. భర్త జీతం అంతంత మాత్రం, పాప అక్కడే బడిలో చదువుతోంది.

యార్డులో సేఫ్టీ ఆఫీసరు ముందు కూర్చున్నాక మొదటి ప్రశ్న ఆమెకే వచ్చింది. ట్యాగులు పాడైనవా అని.

"కాదండీ" అంది. తెలుగులో అని, నాలుక కరుచుకుని, ఇంగ్లీషులో మళ్లీ చెప్పింది. సెలెక్ట్ కమాండు లేకుండా తనే రాశానని, రాసింది మళ్లీ చదివి చూడలేదని, టైము కావాలని అడిగితే లేదన్నారని. ఎవరన్నారని ఆయన అడిగితే ఆమె మా మేనేజరు వైపు చూసింది. పేరు చెప్పలేదు, చూపు కూడా తిప్పలేదు. ఆ చూపును తట్టుకోలేక మేనేజరే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆయన మొహంలో కొంచెం తేలిక కనిపించింది. ఆయన కూడా రాత్రంతా నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

యార్డువాళ్లు మా పని ఆపేశారు. తర్వాత చెక్క బోర్డు, ఇత్తడి బిళ్లలు మళ్లీ పెట్టి, వాటితో పాటు తెర కూడా ఉండొచ్చని ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. హెల్మెట్లన్నీ వెనక్కి తెప్పించి, ఒక్కోటీ విడిగా రాసి, యార్డు మనిషి ముందు చదివి చూపించాలి. భీమిలి అమ్మాయి దానికి ఒక ఉపాయం చేసింది. పెద్ద రేకు బిస్కట్ డబ్బా ఒకటి తెచ్చి, ఒక పక్క కోసి, రీడరు యాంటెన్నా దాని లోపల పెట్టింది. హెల్మెట్టులోంచి ట్యాగు తీసి డబ్బాలో పెట్టి మూత వేస్తే బయట ఎన్ని హెల్మెట్లున్నా వాటికి రీడరు మాట వినపడదు. దానితో పాటు సెలెక్ట్, దానితో పాటు మళ్లీ చదవడం. చూసినవాళ్లు అంత చాదస్తం ఎందుకన్నారు. ఆమె ఇంకో ట్యాగు తీసి డబ్బాలో పెట్టేది. ఆ పని రోజుల తరబడి సాగింది. నేను పక్కన కూర్చుని ఒక్కో ట్యాగు ఫ్యాక్టరీ నంబరు పైకి చదివేవాణ్ణి. మేనేజరు మధ్యాహ్నం మాకు భోజనం తెప్పించేవాడు. ఇంకా ఎంతసేపని ఒక్కసారి కూడా అడగలేదు.

జగిత్యాల మనిషి కాలు కట్టు విప్పాక యార్డుకు తిరిగొచ్చాడు. అతని కంపెనీవాళ్లు ఇంటికి వెళ్లమంటే వెళ్లలేదట. ట్యాంకులోకి కాదు, స్టోరులో కూర్చునే పని ఇస్తామన్నా ఒప్పుకోలేదట. దానికి ఓవర్‌టైం ఉండదని అతని లెక్క. కొత్త హెల్మెట్టు కోసం వచ్చినప్పుడు నేను యార్డులోనే రీడరు పెట్టుకుని ఉన్నాను. ఇంకా కొంచెం కుంటుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఆ రోజు కళ్లు మూసుకునే ఉన్నాడు కదా.

"సారు, నా నంబరు నా ముంగటనే రాయుర్రి" అన్నాడు.

కుర్చీ జరిపి కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చూశాడు. ట్యాగు డబ్బాలో పెట్టాను. ఫ్యాక్టరీ నంబరు చదివాను. సెలెక్ట్ పంపాను. రాశాను. మళ్లీ చదివించాను. తెర మీద అతని నంబరు వచ్చింది.

"ఇది ఇంకెవరికన్న ఉన్నదా?"

"లేదు. నీ ఒక్కడిదే."

అతను తెర మీది అంకెను చూశాడు, తర్వాత నా మొహం చూశాడు.

"ఇంకోసారి సూడుర్రి" అన్నాడు.

ఇంకోసారి చదివించి, ట్యాగును హెల్మెట్టు లోపల అంటించి ఇచ్చాను. అతను హెల్మెట్టు తీసుకుని, లోపల ట్యాగు అంటించిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకుని, తలకు పెట్టుకుని ఓడ మెట్ల వైపు నడిచాడు. పైన కంత దగ్గర అతను బిళ్ల తగిలించడం, కాపలా మనిషి లేచి నిలబడి దాన్ని సరిగా సర్దడం కింది నుంచి చూశాను. అతను దిగాడు. ఆ రోజు నాకు తుబ్లీలో పని ఉంది, వ్యాను కూడా వచ్చి ఆగింది. డ్రైవరుతో ఏదో సాకు చెప్పి, అతను పైకి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.